చేతకాక కాదు, అక్కర లేక

ఒక సైటులో దరఖాస్తు ఫారం మూడో పేజీ దాకా నింపిన ఒక పాఠకురాలు, సర్టిఫికెట్ వెతుక్కోవడానికి ఫోన్ పక్కన పెట్టి లేచారు. పావుగంట తర్వాత వచ్చి చూస్తే తెర మీద ఒకే వాక్యం: ‘మీ సెషన్ ముగిసింది’. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చదువు వివరాలు, నానా తిప్పలు పడి సైజు తగ్గించి ఎక్కించిన ఫొటో, అన్నీ పోయాయి. మళ్లీ మొదటి నుంచి నింపారు. ఈసారి చివరి పేజీలో ‘వివరాలు సరిగా లేవు’ అని ఎర్ర అక్షరాలు. ఏ వివరమో చెప్పలేదు. ఫోన్ నంబర్ మధ్యలో ఒక ఖాళీ పడిందని ఆమె కనిపెట్టేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. మాకు ఫోన్ చేసి ఆమె అడిగింది ఒక్కటే: ‘తప్పు నాదేనా అండీ?’

కాదు. ముమ్మాటికీ కాదు.

ఆమె చెప్పాక మేం ఆ సైటు తెరిచాం. ఫీజు కట్టే పేజీ కూడా చూశాం. అక్కడ కార్డు నంబర్ కొడుతుంటే నాలుగు అంకెలకోసారి అదే ఖాళీ వదిలి చూపిస్తోంది. ఒక అంకె తప్పు పడితే ఆ గడి కిందే ఏం తప్పో చెబుతోంది. మిగతా గడుల్లో కొట్టింది చెక్కుచెదరడం లేదు. అంటే ఫారం ఎలా ఉండాలో ఆ సంస్థకు తెలుసు. చేయగల ఇంజినీర్లూ ఉన్నారు. డబ్బు తీసుకునే పేజీలో ఖాళీ అడ్డం కాదు, దరఖాస్తు పేజీలో అదే ఖాళీ నేరం. ఫోన్ నంబర్లోంచి ఒక ఖాళీని తీసేయడానికి ఒక్క లైను కోడ్ చాలు. ఆ ఒక్క లైను రాయలేదు. ఇది చేతకానితనం కాదు, అక్కర లేకపోవడం.

నియమాలు లేవా అంటే, ఎప్పటి నుంచో ఉన్నాయి. వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది: గడువు పెట్టే పేజీ, అది ముగిసే ముందు హెచ్చరించాలి, ఒక తేలికైన నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలి. లేదా గడువును ముందే ఆపేసుకునే, పెంచుకునే వీలైనా ఉండాలి. తప్పు ఏ గడిలో ఉందో మాటల్లో చెప్పాలన్నదీ అందులోదే. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలన్నదీ అందులోదే. ఆ మార్గదర్శకాలకే 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పు ఇంకో అడుగు వేసింది: ఒకసారి చెప్పిన వివరాన్ని అదే పనిలో మళ్లీ కొట్టించకూడదు, నొక్కే బటన్ 24 పిక్సెళ్ల కంటే చిన్నదైతే చుట్టూ తగినంత ఎడమైనా ఉండాలి. ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్య ఏముంది? అయినా, వెబ్ పేజీలు అందరూ వాడేలా ఉన్నాయా అని చూసే వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల హోం పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 95.9 శాతం పేజీల్లో ఈ మార్గదర్శకాలకు విరుద్ధమైన లోపాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువ కనిపించింది వెలిసిపోయినట్టుండే అక్షరాలు. చూపు మందగించిన వాళ్లే కాదు, ఎండలో నిలబడి ఫోన్ చూసే ఎవరికైనా అవి కనిపించవు.

సైట్లు, యాప్‌లు కట్టించుకునే నెలవారీ, ఏడాది చందాల సంగతి ఇంకా ఘోరం. చేరడానికి ఒక్క నొక్కు చాలు. మానుకోవాలంటే సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగాలి, కారణం చెప్పాలి, ‘నిజంగా వెళ్లిపోతారా?’ అన్న ప్రశ్న దాటాలి, ఆఖరికి ‘వద్దు’ అన్న బటన్ మసక రంగులో ఉంటే వెతుక్కోవాలి. ఇలాంటి ఎత్తులకు డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లోనే డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టారు. అంత చక్కగా దారి మూసేయగలిగిన వాళ్లకు దారి తెరవడం రాదంటే మేం నమ్మం.

భద్రత కోసం సెషన్ ముగించక తప్పదని సాంకేతిక బృందాలు అంటాయి. ఒప్పుకుంటాం. లాగౌట్ చేయండి, కానీ రాసింది దాచి ఉంచండి. మళ్లీ లాగిన్ అయ్యాక ఆ మూడో పేజీనే చూపించండి. ఖర్చు, సమయం అన్న వాదన మాత్రం మా దగ్గర చెల్లదు. ఆ సైటు రంగులు మార్చడానికీ, హోం పేజీలో కదిలే బొమ్మలు పెట్టడానికీ ఆ రెండూ దొరికాయి కదా! ‘మీ కోసమే సరికొత్త డిజైన్’ అని బ్యానర్ కట్టారు, ఆ బ్యానర్ కిందే పాత ఫారం పాత రోగంతోనే ఉంది. ఎవరి కోసం మారినట్టు? మెనూ ఉన్నచోటు నుంచి తీసి మూడు గీతల వెనక దాచారు, తెలిసిన పేర్లు తీసి ఎవరికీ అర్థం కాని గుర్తులు పెట్టారు. అలవాటైన దారి పోగొట్టి, దానికి సౌకర్యం అని పేరు పెట్టడం మోసమే.

నిజంగా జనం కోసమైతే పని పెద్దదేం కాదు. ఐదుగురిని కూర్చోబెట్టి పని చేయించి చూస్తే పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని, సైట్లు వాడటానికి ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆఫీసులో వాళ్లు కాకుండా, ఆ సైటు ఎన్నడూ చూడని ఐదుగురు. వాళ్లకు ఏమీ నేర్పకుండా, మధ్యలో నోరు మెదపకుండా పక్కన కూర్చోవాలి. వేలు ఎక్కడ ఆగిపోయిందో, ఏ మాట రెండోసారి చదివారో రాసుకోవాలి. ఒక్క పూట పని. మా పాఠకురాలు ఇరుక్కున్న చోటే ఆ ఐదుగురిలో ఇద్దరు ముగ్గురైనా ఇరుక్కునేవారు. ఆ పూట కూడా వెచ్చించలేదు కాబట్టే ఆమె అవకాశం పోయింది, పైగా తప్పు తనదేమో అనుకుంటోంది.

ఆ సైటు నడిపేవారికి మేం చెప్పేది ఇదే. ఆమె దరఖాస్తు తీసుకోండి. బ్యానర్ దించండి. ఈ రాత్రికి మీలో పెద్ద కుర్చీలో ఉన్నవారు ఒక పాత ఫోన్ పట్టుకుని, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూర్చుని, మీ ఫారం మీరే నింపండి. మూడో పేజీ దగ్గర ఫోన్ పక్కన పెట్టి, ఒక పావుగంట లేచి వెళ్లి రండి.