ఎనిమిదేళ్ల హామీ, పదిహేనేళ్ల బండి

పాత కారు బేరానికి వెళ్లేవాడు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం మన ఊళ్లలో ఆనవాయితీ. ఆయన బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటాడు. ఆయిల్ మూత తీసి చూస్తాడు. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి పొగ సంగతి కనుక్కుంటాడు. చివరికి ‘తీసుకోవచ్చన్నా’ అనో ‘ఇది వద్దులే’ అనో తేల్చేస్తాడు. అదే కారు హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీ, మోటారు కూడా ఉండేది) అయితే ఆ అనుభవమంతా సగం పనికే పరిమితం. సీటు కిందో డిక్కీలోనో పెట్టెలో ఉండే బ్యాటరీ చప్పుడు చెయ్యదు, పొగ వదలదు, తన వయసు బయటపెట్టదు. దాని పరిస్థితి చెప్పాలంటే లోపాలు కనిపెట్టే కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్ ఎక్కువగా ఉండేది కంపెనీ షోరూమ్‌లో.

అందుకే హైబ్రిడ్ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న మైలేజీ గురించి కాదు. ‘బ్యాటరీ పోతే లక్షలవుతుందట కదా?’ అన్నదే. ఈ భయంలో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది. రెండింటినీ విడదీసి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. వాళ్లు ఆ పని సరిగా చేయడం లేదన్నది మా ఫిర్యాదు.

ముందు అపోహ సంగతి. చాలామంది హైబ్రిడ్ బ్యాటరీని ఎలక్ట్రిక్ కారు బ్యాటరీతో కలిపేస్తున్నారు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో 30 కిలోవాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత), అంతకు మించిన బ్యాటరీ ఉంటుంది. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లలో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీ, అంటే అందులో సుమారు నలభయ్యో వంతు. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని పట్టుకోవడం, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు మోటారుకు అందించడం దాని పని. ఇన్నోవా హైక్రాస్‌లో పాత పద్ధతి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వాడారు. పాతదే గానీ మొండిది.

సెల్‌ఫోన్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంటే కారుది ఎన్నాళ్లుంటుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌ను మనం నూటికి నూరు శాతం నింపుతాం, సున్నా దాకా పిండుతాం. హైబ్రిడ్ కారు కంప్యూటర్ అలా చెయ్యనివ్వదు. టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ లాంటి బండ్లలో చార్జిని సుమారు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతుంది. కడుపు నిండా తిననివ్వదు, పస్తూ పెట్టదు. ఆయుష్షు రహస్యం చాలావరకు ఇదే. టయోటా ప్రియస్ 1997లో జపాన్‌లో మొదలైంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో, 2 లక్షల మైళ్లు దాటిన 2002 మోడల్ ప్రియస్‌ను అసలు బ్యాటరీతోనే పరీక్షించింది. అంతకు పదేళ్ల ముందు కొత్త బండిలో గ్యాలన్‌కు 40.6 మైళ్లు వస్తే, ఈ పాత బండిలో 40.4 మైళ్లు వచ్చింది. అందరి బండీ అలాగే ఉంటుందని కాదు. బ్యాటరీ ఎనిమిదో ఏడు పుట్టినరోజు నాడు చచ్చిపోదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక నిజం సంగతి. ఆ పరీక్షలు జరిగిన చోటు కన్నా మన ఎండలు వేరు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపలికి చెయ్యి పెట్టి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీకి మొదటి శత్రువు వేడి. దాన్ని చల్లబరచడానికి చాలా మోడళ్లలో కారు లోపలి గాలినే చిన్న ఫ్యాన్ లాక్కుంటుంది. ఆ గాలి దారి వెనక సీటు పక్కనో, కిందనో ఉంటుంది. దాని ముందు సూట్‌కేసులు, బియ్యం బస్తాలు పేర్చేస్తాం. ఫిల్టర్‌లో దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు పేరుకుంటాయి. గాలి ఆగితే బ్యాటరీ ఉడుకుతుంది. కొద్ది నిమిషాల్లో శుభ్రం చేసుకోగలిగిన ఆ ఫిల్టర్ గురించి బండి అప్పగించే రోజు పూలదండ వేసి ఫొటో తీసే షోరూమ్ వాళ్లు ఎంతమందికి చెబుతున్నారు?

నడపకుండా ఉంచడం కూడా చేటే. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొచ్చే పెద్దవాళ్ల కార్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కవరు కప్పుకొని నిద్రపోతుంటాయి. రెండు మూడు నెలలకోసారైనా ఒక అరగంట నడపమని టయోటా తన మాన్యువల్లోనే రాసింది. ఆ పుస్తకం గ్లోవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఇంకో మాట. హైబ్రిడ్ స్టార్ట్ కాకపోతే వెంటనే పెద్ద బ్యాటరీ పోయిందని గుండె జారిపోనక్కర్లేదు. చాలాసార్లు దొంగ మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీయే.

అసలు చిక్కు లెక్కలో ఉంది. మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి ఈ కంపెనీలు ఇస్తున్న వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అంటే బండి బతుకులో దాదాపు సగకాలం బ్యాటరీకి పూచీ లేదు. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగే ట్రావెల్స్ బండికైతే నాలుగున్నరేళ్లలోపే వారంటీ అయిపోతుంది. గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ హైబ్రిడ్ మూడూ 2022లోనే మన మార్కెట్లోకి వచ్చాయి. వాటి వారంటీ గడువు 2030 నుంచి తీరడం మొదలవుతుంది.

ఆనాటికి ఆ కార్లు ఎవరి చేతుల్లో ఉంటాయి? మొదటి యజమాని ఐదారేళ్లకే మార్చేసి ఉంటాడు. కొన్నవాడు జిల్లా కేంద్రంలో చిన్న వ్యాపారో, కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడో అయి ఉంటాడు. పెట్రోలు ఆదా మొదటివాడు అనుభవించి వెళ్తాడు, బ్యాటరీ బిల్లు రెండోవాడికి వస్తుంది. ఈ భయం వల్లే పాత హైబ్రిడ్‌కు ధర పలకకపోతే మొదటివాడూ నష్టపోతాడు. కాబట్టి ఇది కొందరి సమస్యే కదా అని వదిలేసేది కాదు.

అమెరికాలో చదువుకునే మన పిల్లలు చాలామంది కొనే మొదటి కారు పాత ప్రియసో కామ్రీ హైబ్రిడ్డో. అక్కడ బ్యాటరీ మార్పిడి ఒక సాధారణ వృత్తి అయిపోయింది. రెండో తరం ప్రియస్ బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, అంటే విడివిడి భాగాలు, ఉంటాయి. ఒకటి పోతే దాన్నే మార్చేవాళ్లు, మొత్తం పెట్టె బాగుచేసి అమ్మేవాళ్లు, ఇంటికే వచ్చి బిగించి వెళ్లేవాళ్లు దొరుకుతారు. ఒక్క మాడ్యూల్ మారిస్తే పాత పంచెకు అతుకేసినట్టే, ఇంకోచోట చిరగొచ్చు. అయినా ఎంచుకునే వీలుంది. పైగా టయోటా అక్కడ 2020 మోడల్ నుంచి వారంటీని 10 ఏళ్లు, లక్షన్నర మైళ్లకు పెంచింది. లక్షన్నర మైళ్లంటే 2.4 లక్షల కిలోమీటర్లు. మన దగ్గర ఎండలు ఎక్కువన్న మాట నిజమే గానీ, అమెరికాలో అరిజోనా ఎడారి కూడా ఉంది. మన కొనుగోలుదారు తక్కువేం చేశాడు?

ఇక్కడ షోరూమ్ మాటే వేదం. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది ఇలాంటి పోకడ మీదే. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని తప్పుపట్టింది. బయట బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దంటూ షరతు పెట్టొద్దని చెప్పింది. హైబ్రిడ్ల విషయంలో ఆ తీర్పు స్ఫూర్తి ఇంకా గుమ్మం దాటలేదు. 177 వోల్టుల బ్యాటరీని రోడ్డు పక్క మెకానిక్ ఉత్త చేతులతో విప్పాలని మేం కోరడం లేదు, ఎక్కువ వోల్టేజీ ఉందని హెచ్చరించే నారింజ రంగు వైర్లు అక్కడ ఊరికే పెట్టలేదు. కానీ ఆ పని నేర్పడానికి ఐటీఐలున్నాయి. శిక్షణ, రబ్బరు గ్లవ్స్, డయాగ్నస్టిక్ పరికరం ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో కాని పని లేదు.

ప్రభుత్వాలు పన్నుల విషయంలో చురుగ్గానే ఉన్నాయి. 2024లో ఉత్తరప్రదేశ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. 2025 సెప్టెంబరులో కేంద్రం జీఎస్టీని సవరించి, సెస్సుతో కలిపి 43 శాతం దాకా ఉన్న పన్నును 40కి, చిన్న కార్లకైతే 18కి తెచ్చింది. రాయితీ ఇచ్చేటప్పుడు షరతు పెట్టడం మాత్రం ఎవరికీ తోచలేదు. పన్ను తగ్గించాలంటే పదిహేనేళ్లపాటు బ్యాటరీ సరఫరా చేస్తామని రాసివ్వమనొచ్చు, మార్పిడి ధరను ఏటా ప్రకటించమనొచ్చు. మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లని బిందువు తర్వాత రెండంకెల దాకా బ్రోచర్‌లో అచ్చేసే కంపెనీలకు, కొత్త బ్యాటరీ ఖరీదు అదే పేజీలో వెయ్యడం కష్టం కాదు.

తీసేసిన బ్యాటరీ సంగతీ ఇందులోదే. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు హైబ్రిడ్లకూ వర్తిస్తాయి, పాత బ్యాటరీలను సేకరించే బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. అందులోని నికెల్‌కూ లిథియంకూ విలువుంది. కొత్త బ్యాటరీ బిల్లులో పాతదానికి ఎంత తగ్గించారో ఒక వరుస కనపడాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టగల పని ఒకటుంది. కారు చేతులు మారినప్పుడు రవాణా కార్యాలయంలో ఫారం 29, ఫారం 30, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అడుగుతారు. హైబ్రిడ్ అయితే ఆ కాగితాలకు బ్యాటరీ ఆరోగ్య నివేదికను కూడా జతచేయమని అడగొచ్చు. నిర్ణీత రుసుముకు ఆ నివేదిక ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీ వర్క్‌షాపులకు ఉండాలి. 2022 నాటి కార్లు పాత కార్ల బజార్లకు రావడం ఇప్పటికే మొదలైంది.