ఆ కిటికీలు పిల్లనగ్రోవి కన్నాలు కావు

పాత ఓడల చరిత్ర ఇష్టపడేవాళ్ల మధ్య తెగ తిరిగే కథ ఇది. ఫ్రెంచ్‌వాళ్లు యుద్ధనౌకలోంచి ఫిరంగులు దించేసి, ఆ చోటులో సైనికుల్నో సరుకునో నింపి కాన్వాయ్‌తో పంపితే దాన్ని ‘ఆర్మే ఆన్ ఫ్లూత్’ అనేవారు. ఫిరంగులు లేని ఖాళీ కిటికీలు వరసగా ఫ్లూట్ కన్నాల్లా కనిపిస్తాయి కాబట్టే ఆ పేరు అంటారు. వినడానికి ముచ్చటగా ఉంది, అందుకే అందరికీ నచ్చింది.

ముందు ఆ కిటికీలనే చూద్దాం. ఫిరంగి కిటికీలకు, ముఖ్యంగా కింది వరసల్లో, పైన బందులతో బిగించిన చెక్క తలుపులు ఉంటాయి. బరువెక్కి ఓడ నీళ్లలోకి దిగితే, కింది వరస తలుపులు తెరిచి ఉంచడమంటే అలల్ని లోపలికి పిలవడమే. వాటిని మూసి బిగించేవారు. దూరం నుంచి కనిపించేది మూసిన తలుపుల వరస. మరి కన్నాలెక్కడ?

అసలు తిరకాసు పదంలో ఉంది. ఫ్రెంచ్‌లో ఫ్లూత్ అంటే వేణువే, కాదనను. కానీ అదే పలుకుబడితో ఇంకో ఫ్లూత్ ఉంది: సరుకు ఓడ. అది డచ్‌వాళ్ల ‘ఫ్లౌట్’ నుంచి వచ్చింది. 16వ శతాబ్దం చివర నెదర్లాండ్స్‌లోని హోర్న్ రేవులో పుట్టిన ఆ ఓడకు డెక్ సన్నం, పొట్ట మాత్రం కుండంత. కొద్దిమంది నావికులతోనే బోలెడు సరుకు మోసేది. ఫ్రెంచ్ నౌకాదళంలో ఫ్లూత్‌లు మామూలే. ఫ్రెంచ్ నావికుడు బూగన్‌విల్ ప్రపంచయాత్రలో సామాను మోసిన ‘ఎత్వాల్’ కూడా ఫ్లూతే.

‘ఆర్మే’ని ఆయుధాలతో ముడిపెట్టడం ఇంకో పొరపాటు. నావికుల ఫ్రెంచ్‌లో దానికి ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడమని అర్థం. ‘ఆన్ గేర్’ అంటే యుద్ధానికి సిద్ధం చేసినది. ‘ఆన్ ఫ్లూత్’ అంటే సరుకు ఓడ పనికి సిద్ధం చేసినది, అంతే.

ఫిరంగులన్నీ తీసేసేవారన్నదీ తప్పే. 1755లో కెనడాకు సైనికుల్ని తీసుకెళ్తూ బ్రిటిష్‌వాళ్లకు చిక్కిన ‘లీస్’ 64 ఫిరంగుల నౌక. అప్పటికి దాని మీద ఇంకా 22 ఉన్నాయి.

ఒక మాట ఒప్పుకోవాలి. డచ్‌లోనూ ఆ పదానికి వేణువనే అర్థం ఉంది. ఓడ సన్నగా, పొడవుగా ఉన్నందుకే ఆ పేరు వచ్చిందని కొందరంటారు, అది ఇంకా తేలలేదు. అయితే ఆ వాదన ఓడ ఆకారం గురించి, ఫిరంగి కిటికీల గురించి కాదు.

1816లో సెనెగల్‌కు బయల్దేరిన కాన్వాయ్‌లో ‘మెదూజ్’ అనే ఫ్రిగేట్‌ని (ఒక రకం యుద్ధనౌక) ఆన్ ఫ్లూత్‌గా సిద్ధం చేశారు. దాంతోపాటు బయల్దేరిన ‘ల్వార్’ అచ్చమైన ఫ్లూత్.