ఆమె బంగారం ఆమెకిస్తే భరణమవదు

అబ్బాయీ అమ్మాయీ డాలస్‌లో ఉన్నా, కాపురం చెడితే తగువు తెగేది మాత్రం భీమవరంలోనో అమలాపురంలోనో ఒక పెద్దాయన వరండాలోనే. ఈమధ్య మా బంధువుల్లో అలాంటిదే ఒకటి జరిగింది. పెళ్ళినాడు రాసుకున్న కాయితం బయటికి తీశారు. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన చేను, కాసుల లెక్కన బంగారం, ఆడపడుచు లాంఛనం, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కో పద్దుకీ టిక్కు పెట్టి, "అన్నీ వచ్చేశాయి కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు. ఆ అమ్మాయి హైదరాబాదులో మంచి ఉద్యోగం మానేసి హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే వీసా మీద, అమెరికా వెళ్ళిన సంగతి ఏ పద్దులోనూ లేదు.

స్త్రీధనం ఆమె సొంత ఆస్తి. కట్నంగా పుచ్చుకున్నది కూడా 1961 నాటి కట్న నిషేధ చట్టం ప్రకారం ఆమెకే చేరాలి. అవి తిరిగివ్వడం ఎవరి ఔదార్యమూ కాదు. భరణం లెక్క వేరే. ఇద్దరి సంపాదనకీ మధ్య ఎంత తేడా ఉంది, అది ఎలా వచ్చింది అని అడగడంతో ఆ లెక్క మొదలవ్వాలి.

హెచ్-4 మీద వెళ్ళినవాళ్ళు చాలాకాలం ఉద్యోగమే చేయకూడదు. 2015లో వచ్చిన అనుమతి కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశకి చేరినవాళ్ళకే. ఆయన జీతం పెరిగిన ఏళ్ళలోనే ఆమె అనుభవం ఆగిపోయింది. "చదువుకుందిగా, ఉద్యోగం చూసుకోవచ్చుగా" అంటారు. పదేళ్ళు పనికి దూరమైన మనిషిని పాత హోదాలో ఎవరు తీసుకుంటారు? నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లిన లేసు దేశాలు దాటి అమ్ముడుపోతోంది. అల్లినవాళ్ళని మాత్రం "ఇంట్లో ఖాళీగానే ఉంటారు" అన్నాం. ఆ చూపునే వెంటబెట్టుకుని అమెరికా వచ్చాం.

కాలిఫోర్నియాలో పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తిలో సాధారణంగా చెరిసగం. గోవా లాంటి చోట్ల తప్ప మన దేశంలో అలాంటి చట్టం లేదు, అందుకే ఇండియాలో భరణమే ఆధారం. 2020లో రజ్నేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలనీ, భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కకట్టాలనీ చెప్పింది. భార్య సంపాదిస్తోందన్న ఒక్క కారణంతో కాదనకూడదని కూడా అంది. మన గోదావరి జిల్లాల్లో ఆ పత్రం చాలా అవసరం. రొయ్యల చెరువుల లీజులూ, కొబ్బరి తోట మీద వచ్చే డబ్బూ జీతం స్లిప్పులో కనబడవు మరి.

ఈ న్యాయం మగవాళ్ళకీ వర్తించాలి. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద భర్త కూడా అడగొచ్చు. భార్య ఉద్యోగం కోసం తన ఉద్యోగం వదిలి వెళ్ళిన అబ్బాయిని "పెళ్ళాం సొమ్ముకి ఆశపడ్డాడు" అని ఎగతాళి చెయ్యడం తప్పు. ఇద్దరూ సమానంగా సంపాదిస్తూ, పిల్లల్లేక, ఏడాదికే విడిపోతే మాత్రం ఒకరు ఇంకొకరిని జన్మంతా పోషించాలనడం నాకు సబబుగా తోచదు.

అమెరికాలో మన తెలుగు సంఘం మహాసభల్లో పెళ్ళి సంబంధాల వేదిక పెడతాం, హాలు నిండుతుంది. ఆ పక్క గదిలోనే ఇండియా చట్టం తెలిసిన వకీలునొకరినీ, అమెరికా చట్టం తెలిసినవారినొకరినీ కూర్చోబెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఊళ్ళో పెద్దలకి కూడా ఒక మనవి. అమ్మాయి తన వకీలుతో మాట్లాడేదాకా ఆ రాజీ కాయితం మీద సంతకం అడగకండి.