గాలి చెడితే బెల్లం బాగుచేయదు

దుమ్ములో పనిచేసేవాళ్లు రోజూ కాస్త బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయన్న నమ్మకం మన దగ్గర చాలాకాలంగా ఉంది. చలికాలంలో నగరాల గాలి చెడినప్పుడల్లా అది పసుపు పాల సలహాతో కలిసి ఫోన్లలో మళ్లీ తిరుగుతుంది. కానీ తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న ధూళికణాలు గాలిగదుల దాకా చేరతాయి. వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలోకీ దిగుతాయి. ఊపిరితిత్తుల్లోని మసిని ఏ తినుబండారమూ తుడిచెయ్యలేదు.

అలాగని తిండికీ గాలికీ సంబంధం లేదనుకోవడమూ పొరపాటే. ఈ కణాలు రక్తనాళాల లోపలి పొరలో వాపు పుట్టించి, రక్తపోటు పెంచి, గుండెపోటుకూ పక్షవాతానికీ దారితీస్తాయి. ఎక్కువైన ఉప్పు, వనస్పతిలోని ట్రాన్స్‌ఫ్యాట్ అనే చెడు కొవ్వు దెబ్బతీసేదీ ఆ నాళాలనే. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇళ్లలో ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది. విశాఖ పాతనగరంలో, పోర్టు బొగ్గు ధూళి పడే వీధుల్లో బతికే మనిషికి ఈ రెండు దెబ్బలూ ఒకేచోట తగులుతాయి.

ఇలా వంట నుంచీ గాలి నుంచీ దెబ్బ అందరికంటే ఎక్కువగా తగిలేది రోడ్డు పక్క బజ్జీల బండి నడిపే మనిషికని నా అభిప్రాయం. ఆరుబయట గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో తేల్చింది. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగనూ ‘బహుశా క్యాన్సర్ కారకాలు’ అనే జాబితాలో చేర్చింది. వాహనాల పొగ వెనక నుంచి, నూనె పొగ ముందు నుంచి పీలుస్తూ ఆయన సాయంత్రమంతా నిలబడతాడు. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది, కానీ కొలిచే పరికరం బండి దాకా రావాలి కదా!

ఉప్పు తగ్గించుకోవడం మన చేతిలో పని. పీల్చే గాలిని ఎంచుకోవడం ఎవరి చేతిలోనూ లేదు. 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించగా, మన జాతీయ ప్రమాణం 2009 నుంచీ 40 దగ్గరే ఉంది. 2019లో మొదలైన జాతీయ శుద్ధగాలి కార్యక్రమం కింద గాలిని మెరుగుపరచాల్సిన నగరాల జాబితాలో విశాఖ, విజయవాడ, హైదరాబాద్ ఉన్నాయి. కాబట్టి ఏం తినాలో ప్రజలకు చెప్పే ప్రభుత్వాలు బొగ్గు గుట్టలపై కప్పు వేయించడం, పాత డీజిల్ బండ్లను రోడ్డు మీద నుంచి తప్పించడం, ఆ 40ని కిందికి దించడం తమ వంతు పనిగా తీసుకోవాలి.