వాచీలు తిప్పే డబ్బా దొరగారికి

మహారాజశ్రీ ఆటోమేటిక్ వాచ్ వైండర్ దొరగారికి, నల్లగొండ నుంచి తమరిని కొన్నవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమమేనని అర్ధరాత్రి బీరువా మీది నుంచి వచ్చే 'జుయ్' మనే చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది.

తమరు మా ఇంట అడుగుపెట్టి ఎనిమిది నెలలైంది. నల్లటి నిగనిగలాడే ఒళ్లు, అద్దం తలుపు, లోపల వాచీలకు మెత్తటి దిండ్లు. అంత మెత్తటి దిండు ఇన్నేళ్లలో నా తల కిందికి రాలేదు. వచ్చిన మూడో రోజే మా పెద్దనాయన మునుగోడు నుంచి వచ్చాడు. అద్దంలో నెమ్మదిగా తిరుగుతున్న తమరిని చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉంది గానీ, గిండ్ల కోడిని ఎప్పుడు పెడ్తర్రా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. అద్దాల పెట్టెలో ఏదైనా తిరుగుతోందంటే, గడియారం సెంటర్ దాకా వచ్చిపోయేవాళ్లకు గుర్తొచ్చేది గ్రిల్ చికెనే.

తమరిని ఎందుకు తెచ్చానో ఆయనకు చెప్పబోయి నేనే ఇరుక్కున్నాను. "పెద్దనాయనా, ఇది కీ ఇచ్చే అవసరం లేని వాచీ. లోపల అర్ధచంద్రం లాంటి బరువు ఉంటది. మనం చెయ్యి ఊపితే అది తిరిగి స్ప్రింగును చుడ్తది."

"మరి చెయ్యి ఊపు."

"రోజూ పెట్టుకోను కదా. పెట్టుకోని నాడు ఆగిపోతది. అందుకని ఈ డబ్బా తిప్పుతది."

"పెట్టుకోని నాడు ఆగితే నీకేం నష్టంరా?"

దొరగారూ, ఈ ప్రశ్నకు తమ డబ్బాతో వచ్చిన పుస్తకంలో జవాబు లేదు.

నాకున్న ఆటోమేటిక్‌లు రెండే. ఒకటి సీకో 5. దాంట్లో ఉన్నది 7ఎస్26 అనే పాత యంత్రం, కీతో చుట్టడానికి కూడా కుదరదు, చేతిలో పట్టుకొని ఊపాల్సిందే. నిండుగా చుట్టుకుంటే దాదాపు 40 గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి తీసి పెడితే ఆదివారం పొద్దున పది ప్రాంతంలో కన్ను మూస్తుంది. సోమవారం లేచి కాస్త ఊపి, వారం, తేదీ, టైము సరిచేయడానికి ఒక్క నిమిషం. రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము నాలుగింటికీ మధ్య తేదీ మార్చకుండా ఉంటే చాలు, ఆ వేళ తేదీ మార్చే చక్రాలు పట్టు మీద ఉంటాయి. రెండోది టిస్సో, పవర్‌మ్యాటిక్ 80. పేరులోనే ఉంది, 80 గంటలు. శుక్రవారం తీసి బీరువాలో పడేసినా సోమవారం పొద్దున నాకంటే ముందే లేచి ఉంటుంది.

అంటే నాకు మిగిలేది వారానికి ఒక్క నిమిషం. దానికోసం తమరు రోజుకు 650 చుట్లు, సగం కుడికి, సగం ఎడమకు. ఏడాదికి 2,37,250. మా అమ్మ ఎంత పెద్ద మొక్కు మొక్కినా 108 ప్రదక్షిణలు దాటలేదు.

నూనె గట్టిపడకుండా వాచీ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలని తమ తరఫు వకీళ్లు వాదిస్తారు. పాతకాలపు నూనెలకు ఆ జబ్బు ఉండేది, నిజమే. ఇప్పుడు వాడేవి సింథటిక్ నూనెలు. పైగా, ఇంజన్ ఆయిల్ గట్టిపడుతుందని రాత్రంతా వాకిట్లో బండి స్టార్ట్ చేసి పడుకుంటామా? నడిచినంత కాలం పళ్ల చక్రాలు అరుగుతూనే ఉంటాయి కదా! అలాగని తమరిమీద లేని నింద వేయను. ఎక్కువ చుడితే స్ప్రింగు తెగుతుందని కొందరు భయపెడతారు, అది ఉత్త మాట. ఆటోమేటిక్ వాచీలో స్ప్రింగు నిండగానే దాని చివర జారుతుంది. చెరువు నిండితే మత్తడి దుంకినట్టే, కట్ట తెగదు.

కీ ఇచ్చే పని లేని ఆటోమేటిక్ చేతివాచీకి హార్వుడ్ అనే ఇంగ్లిష్ ఆయన 1924లో పేటెంట్ తెచ్చుకున్నాడు. చేతికి పెట్టుకుంటే చాలు, వేరే పని లేదన్నమాట. ఇప్పుడు ఆ పెట్టుకునే పని కూడా తప్పించడానికి తమరు. గానుగెద్దు కూడా ఇలాగే తిరిగేది, కానీ సాయంత్రానికి నూనె వచ్చేది.

ఇక తమ దగ్గర నేను పడ్డ అసలు అవమానం. మా నాన్న వాచీ హెచ్ఎంటీ జనతా. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో మొదలైన వాచీలు అవి. ఆ వాచీల కంపెనీ 2016లో మూతపడింది గానీ మా నాన్న జనతా మూతపడలేదు. తమరు వచ్చిన సంబరంలో దాన్ని కూడా తెచ్చి దిండు మీద కూర్చోబెట్టాను. మర్నాటికి ఆగిపోయింది. ఇంకో రెండు రోజులు తిప్పాను. కదల్లేదు. టెన్షన్‌తో ప్రకాశం బజార్‌లో గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన కంటికి భూతద్దం కూడా పెట్టుకోలేదు. రెండు వేళ్లతో పదిహేనుసార్లు కీ తిప్పి నా చేతిలో పెట్టాడు. "సార్, ఇది చేత్తో కీ ఇచ్చే వాచీ. మీరు దీన్ని లారీ టైరుకు కట్టి తిప్పినా నడవదు." పైసలు కూడా తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేది.

తమ అవసరం నిజంగా ఉన్నవాళ్లు లేకపోలేదు. లీపు సంవత్సరాన్ని కూడా లెక్కపెట్టే క్యాలెండర్, పైన చంద్రుడి కళలు ఉన్న వాచీలు ఉంటాయి. అవి ఆగితే మళ్లీ దారికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. వాళ్లింట్లో తమరు ఉండటం న్యాయం. నాకు అమావాస్య ఎప్పుడో తెలియాలంటే చెర్వుగట్టు శివుడి గుడి వైపు పోయే ఆటోలను చూస్తే చాలు.

అసలు నాకు టైముతో పనేముంది? నేను పనిచేసే బడిలో గంట అటెండర్ కొడతాడు, అతను చూసేది ఫోను. నా హాజరు పడేది కూడా ఫోన్‌లోనే. పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా ఉన్నచోటే ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా సరే. అలాంటి గుడి ఉన్న ఊళ్లో, ఎవరూ చూడని టైమును చూపించడానికి రాత్రంతా కరెంటు ఖర్చుపెట్టి వాచీని తిప్పేది నేను. కరెంటు పోతే తమరు ఆగిపోతారని ఇన్వర్టర్‌కు కూడా కలిపాను. ఆ రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే మా ఆవిడ లేచింది. చీకట్లో బీరువా మీద తమరు తిరుగుతూనే ఉన్నారు.

"షుగరుందని డాక్టరు పొద్దున్నే నడవమన్నడు నిన్ను. నువ్వు మంచం దిగవు. వాచీకి మాత్రం వాకింగ్ చేపిస్తున్నవ్. డబ్బా తిరిగితే నీ షుగరు తగ్గుతదా?"

దొరగారూ, ఆ చీకట్లో నాకు తమ ఉద్యోగం పూర్తిగా అర్థమైంది. తమరు నా వాచీకి కీ ఇవ్వడం లేదు. నా బదులు నడుస్తున్నారు.

మర్నాడు పొద్దున సీకో పెట్టుకొని పానగల్లు దాకా పోయొచ్చాను. మోకాళ్లు మొత్తుకున్నాయి గానీ వాచీ మాత్రం ఫుల్లుగా చుట్టుకుంది. వచ్చేసరికి మా గల్లీ పిల్లలు గుమ్మంలో ఉన్నారు. ఈసారి వినాయకుడి వెనక తిరిగే చక్రానికి మోటరు కావాలట, మన ఇంట్లో ఏదో తిరుగుతదని పెద్దనాయన చెప్పాడట. తమరిని, తమ ప్లగ్గును వాళ్ల చేతుల్లో పెట్టేశాను. రెండు దిక్కులా తిరుగుతుందంటే వాళ్ల సంబరం చూడాలి. నిమజ్జనం నాడు దేవుడితోపాటు తమరిని కూడా నీళ్లలో వేయొద్దని గట్టిగానే చెప్పాను, విన్నారో లేదో తెలియదు.

ఇట్లు,
తమ మాజీ వాకింగ్ యజమాని