ఆటిజం చేస్తానంటే ఉయ్యాలలు ఊపడం అనుకుంటున్నారు

బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే వైద్యం) డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నా. తర్వాత పిల్లల వైపు, అందులోనూ ఆటిజం చేస్తానని చెప్పిన దగ్గర్నుంచి మా పెదనాన్న ఒకటే గొడవ. "ఏటమ్మా, నాలుగున్నరేళ్లు చదివి ఉయ్యాలలు ఊపుతావా? పక్షవాతం వచ్చినోళ్లని చూసుకో, గాజువాకలో క్లినిక్ పెట్టుకో" అంటారు. ఆయన్ని ఏమీ అనలేను. బయటి నుంచి ఎవరికైనా కనిపించేది గోడ మీద కార్టూన్ బొమ్మలు, లోపల ఉయ్యాల, పెద్ద బంతి, అంతే కదా.

నా మంట "ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అని బోర్డు పెట్టేవాళ్ల మీద. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా, టైఫాయిడ్‌లా కోర్సు వాడితే తగ్గేది కాదు. ఉయ్యాల వెనక ఆలోచన ఉంది, కాదనను. జీన్ ఏర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ యాభై ఏళ్ల కిందటే చెప్పారు, చెవి, చర్మం, ఒంటి కదలికల నుంచి అందే కబుర్లని మెదడు సర్దుకోలేకపోతే పిల్లలకి రోజువారీ పనులే కష్టమవుతాయని. కానీ ఏ బిడ్డకి ఏది ఇబ్బందో చూడకుండా అందర్నీ ఒకే ఉయ్యాల ఎక్కించి గంటకింత అని తీసుకుంటే అది థెరపీ ఎలా అవుతుంది?

పోస్టింగ్‌లో ఒక బాబుని చూశా. పళ్లు తోమడమంటే ఇంట్లో రోజూ యుద్ధమే, నాన్నమ్మ చేతులు పట్టుకుంటే అమ్మ దవడ పట్టుకోవాలి. "మొండోడండీ" అంది నాన్నమ్మ. మా సార్ మొండితనం జోలికే పోలేదు. ముందు పేస్ట్ మాన్పించారు, ఆ మంట, నురగ వాడికి పడవు. జోరుగా నీళ్లు పడే కుళాయి దగ్గర కాకుండా పాదాలు నేలకి ఆనేలా చిన్న స్టూల్ మీద కూర్చోబెట్టి, తడిపిన మెత్తటి బ్రష్ వాడి చేతికే ఇచ్చారు. అమ్మ ఐదు అంకెలు లెక్కపెట్టి ఆపేయాలి, ఆరోది లేదు. కొన్ని వారాలు గడిచేసరికి ముందు వరస పళ్లు వాడే తోముకుంటున్నాడు. మాటలు ఇంకా రాలేదు. కానీ పొద్దున్నే ఏడుపు లేకుండా స్కూల్ ఆటో ఎక్కుతున్నాడు, నాకు కావాల్సిన పని ఇదీ.

కొందరు సీనియర్లు వీకెండ్ సర్టిఫికెట్ ఒకటి చేసి "ఆటిజం స్పెషలిస్ట్" అని రాసేసుకోమంటున్నారు. మాటలు రాని పిల్లాడు తల కొట్టుకుంటుంటే అది ఆటిజమే అని రాసేస్తారా? చెవిపోటేమో, పంటినొప్పేమో, నాలుగు రోజుల మలబద్ధకమేమో. ఒళ్లంతా చదవనివాడికి ఆ అనుమానమే రాదు. అందుకే పెద్దవాళ్ల వార్డులు కూడా శ్రద్ధగా చేస్తున్నా, ఎంఓటీలో, అంటే ఇందులోనే పీజీలో, పిల్లల విభాగం తీసుకుంటా.

ఇంకోటి, డబ్బు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి పెట్టుకోవచ్చు, లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా కొంత వస్తుంది. అప్పు చేసి ఫీజులు కట్టే అమ్మానాన్నలకి ఈ ముక్క రిసెప్షన్‌లోనే చెప్పొచ్చుగా!

అన్నిటికంటే చిరాకు, తల్లిని బయట కూర్చోబెట్టి తలుపేసుకోవడం. లోపల గడ్డం పట్టుకుని "నా కళ్లలోకి చూడు, అప్పుడే చాక్లెట్" అంటారు. కళ్లలోకి చూడటమే కష్టంగా ఉండేవాళ్లు చాలామంది, పక్కకి చూస్తూ కూడా వింటారు బాబూ! వైజాగ్‌లో నేను సెంటర్ పెడితే అమ్మో నాన్నో నాన్నమ్మో ఎవరో ఒకరు లోపలే కూర్చోవాలి. వారానికి రెండు గంటలు ఉండేది నేను, మిగతా వారమంతా బ్రష్ పట్టుకునేది వాళ్లు.