నాన్న రాళ్ళు

లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్‌లో మా ఇంటికి వచ్చిన రెండో రోజే నాన్న రైల్వే స్టేషన్ చూసొచ్చారు. రాగానే స్నేహితుడికి ఫోన్. "ఒరేయ్, స్టోన్స్ మొదలైంది ఈ స్టేషన్లోనేరా, రెండో నంబరు ప్లాట్‌ఫామ్ మీద!" వంటింట్లో కందిపప్పు కడుగుతున్న అమ్మ కుళాయి కట్టేసి, తడి చేతులతోనే హాల్లోకొచ్చింది.

అమ్మ: ఎప్పణ్ణుంచండీ?

నాన్న: (ఫోన్ పెట్టేసి, మొహం వెలిగిపోతుంటే) 1962 నుంచి! ఇప్పటికీ ఆగలేదు.

అమ్మ: 1962లో మీకు ఎనిమిదేళ్ళు! పెళ్ళిచూపుల్లో మీ అమ్మగారు ఒక్క ముక్క చెప్పలేదేం?

నాన్న: మా అమ్మకేం తెలుసు? పెద్దయ్యాక దొంగచాటుగా రేడియోలో వినేవాణ్ణి. ఊగిపోయేవాణ్ణనుకో.

అమ్మ: నొప్పికి ఊగరూ మరి! ఏ పక్క? కుడా, ఎడమా?

నాన్న: ఎడమేమిటే? రోలింగ్ స్టోన్స్!

అమ్మ: దొర్లుతున్నాయా! మా అన్నయ్యకీ ఇలాగే దొర్లి, పెళ్ళిపందిట్లో పడిపోయాడు.

(ఇక్కడ నేను కల్పించుకోవాల్సింది. కల్పించుకోలేదు.)

నాన్న: అది బ్యాండే తల్లీ! పాటలు! మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ చిన్నప్పుడు ఒకే బడి. 1961 అక్టోబరులో ఈ స్టేషన్లో మళ్ళీ కలిశారు. మిక్ చేతిలో చక్ బెర్రీ రికార్డు చూసి కీత్ మాట కలిపాడు.

అమ్మ: మొత్తం ఎంతమంది?

నాన్న: పేరొచ్చేనాటికి ఐదుగురు. బేస్ గిటారు బిల్ వైమన్ 1993లో తనంతట తనే బయటికొచ్చేశాడు.

అమ్మ: నొప్పి లేకుండానా?

నాన్న: ...

అమ్మ: సరే, చొక్కా మీద ఆ నాలుకేమిటి, డాక్టరుకి చూపిస్తున్నట్టు?

నాన్న: వాళ్ళ గుర్తు. 1970లో జాన్ పాష్ అనే స్టూడెంటు గీశాడు, 50 పౌండ్లిచ్చారు. జాగర్ అతనికి కాళికాదేవి బొమ్మ చూపించాడట.

అమ్మ: (చెంపలేసుకుని) అమ్మవారినా! నిన్న టీ ఒలికితే దాంతోనే కదండీ తుడిచారు!

నాన్న: 'శాటిస్‌ఫాక్షన్' ట్యూను కీత్‌కి నిద్రలో వచ్చిందట. పొద్దున టేపు వింటే కాస్త గిటారు, మిగతా అంతా గురక.

అమ్మ: మీరు నలభై ఐదేళ్ళుగా గురక పెడుతున్నారు. ఒక్క పాటా రాలేదు.

నాన్న: నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ. డ్రమ్స్ చార్లీ వాట్స్ ఉన్నప్పుడు వినాల్సింది వాళ్ళని. 2021లో పోయాడు.

అమ్మ: అయ్యో. పెళ్ళయిందా?

నాన్న: 1964లో. చివరిదాకా ఆవిడతోనే.

(అమ్మ కాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్ళి పెద్ద గ్లాసుతో వచ్చింది.)

నాన్న: ఏమిటిది?

అమ్మ: బార్లీ నీళ్ళు.

నాన్న: నాకు రాళ్ళు లేవే!

అమ్మ: లేనప్పుడే తాగాలి. మొదలయ్యాయంటే అరవై ఏళ్ళు ఆగవని మీరేగా చెప్పారు. ఊఁ, ఆ డ్రమ్ములాయన పాట పెట్టండి, సౌండు తగ్గించి.